రెజ్‌కి గిట్టని పాట

గేనర్ ఫోన్ చేసేటప్పటికి వెర్నన్ ప్లాట్ టోస్టు మాడ్చుకుని, ఆ మాడును చాకుతో సింకులోకి గీరుతున్నాడు. డెబ్బై తొమ్మిదేళ్ళు వచ్చాక కొత్త తప్పులు చేసే ఓపిక ఉండదు, పాతవే మళ్ళీ మళ్ళీ చేస్తుంటాం. ఆ టోస్టరు రోజూ మాడుస్తుంది, ఆయన రోజూ గీరుతాడు. కొత్తది కొనుక్కోవచ్చు కదా అంటే, షాపుకి ఎవరు వెళ్తారు?

"వెర్నన్ అంకుల్, వచ్చే గురువారం దొరికింది," అంది గేనర్. "పావు తక్కువ పన్నెండుకి. అరగంటే ఇచ్చారు. మన వెనకాలే ఇంకొకరున్నారట."

దొరికింది దహనశాలలో సమయం. ఆమె తండ్రి రెజ్ ఎంట్‌విసిల్ పోయి అప్పటికి పది రోజులు. ఊపిరితిత్తులకు నెమ్ము చేసి, ఆసుపత్రి మంచం మీద నర్సుతో ఏదో వాదిస్తూ మధ్యలో ఆగిపోయాడు. బర్న్‌లీ ఊళ్ళో అతనితో వాదించని మనిషి లేడు. ఎక్కువగా వాదించినవాడు మాత్రం వెర్నన్.

"మీరొక నాలుగు నిమిషాలు మాట్లాడాలి. నాన్నకి స్నేహితుడంటూ ఉంటే మీరే కదా," అంది గేనర్.

స్నేహితుడట! ముప్పై ఒక్క ఏళ్ళలో ఆ ఇద్దరూ ఒకరినొకరు చాలా మాటలు అనుకున్నారు గానీ, ఆ మాట ఒక్కటి ఎప్పుడూ అనుకోలేదు. "సరే తల్లీ, మాట్లాడతాలే," అన్నాడు వెర్నన్.

"పాట సంగతి కూడా చూసేశాను. చివర్లో పెట్టె ముందు తెర మూస్తారు చూడండి, అప్పుడు ఆల్మా టెర్రస్ సంగీతం పెట్టమన్నాను. నాన్నకి అదంటే ప్రాణం కదా!"

వెర్నన్ చేతిలో చాకు ఆగిపోయింది.

"ఏమంటావ్? ఆల్మా టెర్రసా?"

"అదే. ఆ రోజు పంచే కాగితాలు అచ్చుకి కూడా వెళ్ళిపోయాయి." ఆమె గొంతు బాగా అలిసిపోయి ఉంది. "నిజం చెప్పనా అంకుల్? పువ్వులవాడు వచ్చి మీ నాన్నకి ఏ పువ్వులిష్టం అన్నాడు. తెలీదన్నాను. దేవుణ్ణి నమ్మేవాడా అన్నారు. తెలీదన్నాను. ఏ చొక్కా వెయ్యమంటారు అన్నారు, అదీ తెలీదు. కన్నకూతుర్ని, నాకే సిగ్గేసింది. ఆయన గురించి నాకు ఖాయంగా తెలిసింది ఇదొక్కటే. ముప్పై ఏళ్ళుగా ఎప్పుడు వచ్చినా ఫోన్‌లో మీతో అదే మాట. ఆల్మా టెర్రస్, ఆల్మా టెర్రస్."

"అవును. ఎప్పుడూ అదే మాట," అన్నాడు వెర్నన్.

అది అబద్ధమేమీ కాదు. రెజ్ జీవితమంతా ఆల్మా టెర్రస్ గురించే మాట్లాడాడు. దాన్ని తిట్టని రోజు లేదు.

ఫోన్ పెట్టేసి వెర్నన్ కుర్చీలో కూలబడ్డాడు. టోస్టు చల్లారిపోయింది.

ఈ ఆల్మా టెర్రస్ అనేది యాభై అరవై ఏళ్ళ కిందట ఆదివారం మధ్యాహ్నం రేడియోలో వచ్చిన అరగంట హాస్య కార్యక్రమం. ఒక ఇరుకు ఇల్లు. అందులో ఒక పెళ్ళికాని అన్న, ఒక పెళ్ళికాని చెల్లెలు, పై గదిలో అద్దెకుండే ఒక ముసలాయన. ఏమీ జరగదు. చలిమంట దగ్గరి కుర్చీ ఎవరిదని అరగంట దెబ్బలాడుకుంటారు, లేదా వానెప్పుడు తగ్గుతుందా అని కిటికీలోంచి చూస్తుంటారు. అన్న వేషం కట్టిన ఆర్థర్ పెన్‌కెత్ ఒక నిట్టూర్పు విడిస్తే, దేశంలో సగం మంది పొట్ట పట్టుకుని నవ్వేవారు. ఆ సగంలో వెర్నన్ ఒకడు. మిగతా సగం మందికి ఇష్టమైనది బిబ్బీ గారి బోటు. అది చిల్లు పడ్డ పడవ మీద అయిదుగురు పిచ్చివాళ్ళ గోల. బాకాలు, బాతులు, పేలుళ్ళు, టబ్బీ లోమాస్ అనే లావుపాటాయన ఒకే ఊపిరిలో ఏడు గొంతులతో మాట్లాడటం. రెజ్ ఆ పడవ మనిషి. కుర్రతనంలో ఏ పడవ ఎక్కామో చచ్చేదాకా అదే పడవ. ఈ అభిమానుల జబ్బే అంత.

వాళ్ళకో సంఘం ఉంది. పాత రేడియో హాస్యాన్ని ఇళ్ళల్లో టేపుల మీద పట్టి దాచుకున్నవాళ్ళంతా కలిసి పెట్టుకున్నది. నెలకో శనివారం మధ్యాహ్నం రెండింటికి మెథడిస్టు చర్చి హాలు పక్కగదిలో కూర్చుంటారు. ఒక టేపు వింటారు, తర్వాత కొట్టుకు చస్తారు. ఒకప్పుడు నలభై రెండు మంది, కుర్చీలు చాలక కిటికీల మీద కూర్చునేవారు. ఆ తర్వాత ఒక్కొక్కరే తగ్గిపోయారు. వాళ్ళల్లో ఒక నియమం ఉండేది. ఎదుటి పక్షం టేపు వింటూ ఎవడు నవ్వితే వాడు ఆ రోజు కప్పులు కడగాలి. అందుకని బిబ్బీ గారి బోటు వేసిన రోజున వెర్నన్ బిగదీసుకుని దంతాల డాక్టరు దగ్గర కూర్చున్నట్టు కూర్చునేవాడు. ఆల్మా టెర్రస్ వేసిన రోజున రెజ్ పేపరు తీసి గుర్రప్పందాలు చదివేవాడు. ముప్పై ఒక్క ఏళ్ళలో వెర్నన్ నాలుగుసార్లు కడిగాడు. రెజ్ ఒక్కసారీ కడగలేదు. పెన్‌కెత్‌ని వింటూ ఒక్కసారీ, పొరపాటున కూడా నవ్వలేదు.

అలాంటి మనిషిని ఇప్పుడు ఆ పాటతో సాగనంపుతారట.

ఆ శనివారం హాలులో ఇద్దరే ఉన్నారు, వెర్ననూ ఆడ్రీనూ. ఆడ్రీ సంఘానికి కార్యదర్శి, రికార్డులు రాసేది, టీ కాచేది, గ్యాసు హీటరును తన్ని వెలిగించేది అన్నీ ఆవిడే. ఆవిడకు రెండు కార్యక్రమాలూ సమానంగా విసుగు. మొగుడు పోయిన కొత్తలో ఇంట్లో ఉండలేక వచ్చి, అలవాటై ఉండిపోయింది. రెజ్ పేరు మీద బిబ్బీ గారి బోటు టేపు ఒకటి పెట్టారు. లోమాస్ గారి బాతు కప్తానుకి అడ్డం తిరిగే ఘట్టంలో వెర్నన్‌కి నవ్వు ఆగలేదు. కాసేపటికి అది నవ్వులా లేకుండా పోయింది, కళ్ళు తుడుచుకున్నాడు. ఆడ్రీ చూడనట్టు అల్లిక వైపు తలొంచుకుంది. వెర్నన్ లేచి కప్పులు కడిగాడు. రెండే కప్పులు.

కడుగుతూ సంగతి చెప్పాడు. ఆడ్రీ అల్లిక ఆపేసింది.

"ఏ పాట? నీ ఏడుపుగొట్టు ఇంటి పాటా? రెజ్ పెట్టె మూత తన్నుకుని లేచి కూర్చుంటాడు!"

"లేచినా బాగుండును," అన్నాడు వెర్నన్.

"ఆ పిల్లకి చెప్పావా లేదా?"

"ఎలా చెప్పను ఆడ్రీ? మీ నాన్న గురించి నీకు తెలిసిన ఒక్క ముక్కా తప్పేనమ్మా అని చెప్పనా?"

"మరి చెప్పవేం? మనసులో లోలోపల మురిసిపోతున్నావు కదూ? ముప్పై ఏళ్ళ నుంచి గెలవలేని పందెం. వాడు నోరెత్తలేనప్పుడు గెలుస్తున్నావు."

వెర్నన్‌కి చివుక్కుమంది. ఎందుకంటే మొదటి రోజు, ఫోన్ పెట్టేశాక, ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, అతని పెదవి నవ్వబోయింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆడ్రీ మాత్రం ముఖం చూసి చెప్పేసింది.

"మురవడానికి నాకు ఓపికెక్కడిది," అన్నాడు.

"అయితే వెళ్ళి చెప్పు. మంగళవారం బస్సెక్కి వెళ్ళు. అచ్చేసిన కాగితం మీద ఇంకో కాగితం అంటిస్తే సరి. నలుగురిలో నువ్వు నిలబడి అబద్ధమాడితే రెజ్ సంగతేమో గానీ నేను మాత్రం ఊరుకోను." కాసేపాగి అంది, "నిబంధనల్లో కనీసం ముగ్గురుండాలని ఉంది, తెలుసుగా? ఇక మనం సంఘం కాదు. టీ తాగే ఇద్దరు ముసలాళ్ళం, అంతే."

మంగళవారం వెర్నన్ బస్సెక్కాడు. ఒకప్పుడు ఆ బస్సు నడిపినవాడు రెజ్జే. సిగ్నల్ పడ్డప్పుడల్లా వెనక్కి తిరిగి, వెర్నన్ ఉంటే, పెన్‌కెత్ మీద ఒక రాయి విసిరేవాడు. ప్రయాణికులు విసుక్కునేవారు. మోకాళ్ళు నొప్పి పుడుతుంటే కొండెక్కి, రెజ్ ఇంటి తలుపు కొట్టేటప్పటికి వెర్నన్ మాటలన్నీ వరసగా పేర్చుకుని ఉన్నాడు. తల్లీ, నీకొక చిన్న సంగతి చెప్పాలి. నువ్వేమీ అనుకోనంటే. తప్పు నీది కాదు.

గేనర్ తలుపు తీసింది. యాభై దాటిన మనిషి. జుట్టు ఎలాగో పైకి ముడేసుకుంది, మోచేతుల దాకా దుమ్ము. స్టాక్‌పోర్ట్ నుంచి రోజూ కారు నడుపుకుంటూ వచ్చి ఇల్లు ఖాళీ చేస్తోంది. వంటగదిలో గిన్నెలన్నీ పాత పేపర్లలో చుట్టి ఉన్నాయి. బల్ల మీద ఒక అట్టపెట్టెలో రెజ్ టేపులు.

"కూర్చోండి అంకుల్. కుర్చీ ఇదొక్కటే మిగిలింది. నేను నిలబడతాలెండి, కూర్చుంటే ఇంక లేవలేను."

టీ ఇచ్చింది, పక్కన అల్లం కేకు ముక్క పెట్టింది. వెర్నన్ కేకు కొరికాడు. చెబుదామని నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే ఆమె అచ్చయి వచ్చిన కాగితం తెచ్చి చేతిలో పెట్టింది. ముందు రెజ్ ఫోటో, బస్సు డ్రైవరు టోపీతో. లోపల చివరి వరస: ఆల్మా టెర్రస్, రెజ్ మనసుకు నచ్చిన సంగీతం.

"బాగుందా?" అంది గేనర్. పరీక్ష కాగితం చూపించి నిలబడ్డ చిన్నపిల్లలా అడిగింది. "మీకు తెలుసుగా, నేనూ నాన్నా పెద్దగా మాట్లాడుకునేవాళ్ళం కాదు. అమ్మ పోయాక అసలు లేదు. ఆదివారం వచ్చేదాన్ని, భోంచేసేవాళ్ళం, వెళ్ళిపోయేదాన్ని. అందుకే ఇదొక్కటన్నా సరిగ్గా చెయ్యాలని. అంకుల్, సరిగ్గానే చేశాను కదా?"

వెర్నన్ ఆమె ముఖం వైపు చూశాడు. రెండు వారాల నిద్రలేని ముఖం. తర్వాత కాగితం మీద రెజ్ వైపు చూశాడు. ఒరే రెజ్, ఏం చెయ్యమంటావురా నన్ను అని లోపలే అడిగాడు. రెజ్ ఎప్పటిలాగే సాయపడలేదు.

"చాలా బాగుందమ్మా," అన్నాడు.

కేకు తిని, ఇంకో కప్పు టీ తాగి, బస్సెక్కి ఇంటికొచ్చేశాడు. ఆ రాత్రి తిండి సయించలేదు. తన మీద తనకే రోత పుట్టింది.

గురువారం వాన. దహనశాల ముందు నల్లకార్లు వరసగా నిలబడి ఉన్నాయి. ఒక కుటుంబం లోపల ఏడుస్తుంటే ఇంకో కుటుంబం బయట గొడుగుల కింద వంతు కోసం చూస్తోంది. లోపల ఇరవై మంది దాకా చేరారు. ఎక్కువ మంది బస్సు డిపో మనుషులు. ముందు వరసలో గేనర్, ఆమె భర్త. మూడో వరసలో ఆడ్రీ, నల్లకోటు వేసుకుని, వెర్నన్ వైపు ఇంకా చెప్పలేదు కదూ అన్నట్టు చూస్తూ. కార్యక్రమం నడిపే ఆవిడ చేతికి పెద్ద గడియారం కట్టుకుంది. మాటిమాటికీ దాన్నే చూసుకుంటోంది.

వెర్నన్ లేచి నిలబడ్డాడు. పెట్టె పక్కనే బల్ల. పెట్టె మీద తెల్లచామంతులు. ఎవరో ఒకరు ఏవో పువ్వులు ఎంచినట్టున్నారు.

జేబులోంచి కాగితం తీశాడు. రెండు రోజులు కూర్చుని, ఒక్క అబద్ధమూ లేకుండా, ఒక్క నిజమూ బయటపడకుండా రాసుకున్న కాగితం అది. రెజ్ ముప్పై ఏళ్ళు బస్సు నడిపాడనీ, ఒక్కరినీ గుద్దలేదనీ చదివాడు. రెజ్‌కి రేడియో అంటే ప్రాణమనీ, ఆల్మా టెర్రస్‌ని రెజ్ విన్నంత శ్రద్ధగా ఈ జిల్లాలో ఇంకెవరూ వినలేదనీ చదివాడు. నిజమే మరి. తప్పులు పట్టేవాడు వినేంత శ్రద్ధగా మెచ్చుకునేవాడు వినడు. గేనర్ తలూపింది. ఆమె భర్త ఆమె చెయ్యి నొక్కాడు. గండం గడిచింది, ఇంకో రెండు వాక్యాలు చదివి కూర్చుంటే సరిపోతుంది.

"అందులో పొయ్యి బాగుచేసేవాడి కోసం ఎదురుచూసే భాగం ఒకటుంది," అని చదివాడు వెర్నన్. "పెన్‌కెత్ ఆ రోజు మైకు ముందు ఒక్క మాట లేకుండా నిలబడ్డాడు. పదకొండు సెకన్లు."

అక్కడ ఆగాడు.

ఆగాలని ఆగలేదు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ మాట దగ్గర ఆగడం అలవాటు. ఎందుకంటే అక్కడ రెజ్ అందుకునేవాడు. ఎక్కడున్నా సరే, బస్సులో, హాలులో, ఆసుపత్రిలో, పదకొండు అనగానే అందుకునేవాడు. వెర్నన్ ఆ జవాబు కోసం చూశాడు. గదిలో ఎవరో దగ్గారు. వాన చప్పుడు వినిపిస్తోంది. పెట్టెలోంచి ఏమీ రాలేదు. వాదన సగంలో తెగి గాలిలో వేలాడుతోంది. దాన్ని అలా వదిలెయ్యడం వెర్నన్ వల్ల కాలేదు. కట్టేసిన మనిషిని కొట్టి గెలిచినట్టనిపించింది. ఒళ్ళంతా సిగ్గేసింది.

"తొమ్మిది," అన్నాడు వెర్నన్, రెజ్ గొంతుతో. "తొమ్మిదే. మిగతా రెండూ ఎవడో కుర్చీ జరుపుకున్న చప్పుడు. నీకు చెవులున్నాయా, ఆలుగడ్డలు అతికించుకున్నావా?"

బస్సు డిపో మనుషులు ఒక్కసారి తలెత్తారు. ఆ గొంతు వాళ్ళకీ తెలుసు. ఒకాయన ఫక్కున నవ్వాడు.

"అది కళరా, రెజ్," అన్నాడు వెర్నన్ తన గొంతుతో.

"కళా? నోరు మూసుకుని నిలబడ్డందుకు జీతం తీసుకున్నవాడు ఈ దేశంలో వాడొక్కడే! ఆ లెక్కన మా ఇంట్లో బీరువాకి బిరుదు ఇవ్వాలి. యాభై ఏళ్ళుగా ఒక్క మాట మాట్లాడలేదు!"

ఇప్పుడు గదంతా నవ్వింది. ఆడ్రీ కూడా నవ్వింది, జేబురుమాలు నోటికి అడ్డం పెట్టుకుని. వెర్నన్‌కి ఇక కాగితం గుర్తులేదు. ఎన్నాళ్ళకో ఒంట్లోకి వేడి వచ్చినట్టయింది. ఇటు తిరిగి ఒక మాట, అటు తిరిగి ఒక మాట. "ఆల్మా టెర్రస్ వినడమంటే పన్ను నొప్పితో చుట్టాలింట్లో కూర్చోవడమే," అన్నాడు రెజ్ గొంతుతో. "మరి నీ పడవ గోల వినడమంటే వంటింట్లో అల్మారా కూలడమే," అన్నాడు తన గొంతుతో. "అది కూలితే కనీసం చూడ్డానికి జనం పరిగెత్తుకొస్తార్రా!"

నవ్వుల మధ్య అతని కళ్ళు ముందు వరస మీద పడ్డాయి.

గేనర్ నవ్వడం లేదు. చేతిలోని కాగితం తెరిచి, చివరి వరస చదువుతోంది. మళ్ళీ చదివింది. తర్వాత మెల్లగా మడిచి ఒళ్ళో పెట్టుకుంది.

రెండు రోజులు పడ్డ తంటా అంతా రెండు నిమిషాల్లో తన చేతులతో తనే నేలపాలు చేశాడు. గడియారపు ఆవిడ దగ్గి సైగ చేసింది. "అదీ రెజ్ అంటే," అని గొణిగి, వెర్నన్ వచ్చి కుర్చీలో పడ్డాడు.

తెర మూసుకోవడం మొదలైంది. పైనుంచి ఆల్మా టెర్రస్ పాట వచ్చింది. ముందు ఒక క్లారినెట్ నెమ్మదిగా మెట్లు దిగి వచ్చినట్టు. దాని వెనక పెద్ద బూరా ఆయాసపడుతూ. వెర్నన్ కుర్రతనం నుంచీ ఆ పాట చెవిన పడితే చాలు, ఎంత దిగులున్నా తేలికపడేవాడు. పెళ్ళాం పోయిన ఏడాది ఆ పాటే తిండి తినిపించింది. ఈ రోజు మాత్రం అది ఎంత నెమ్మదిగా సాగుతోందంటే, ఎవరైనా ఆపేస్తే బాగుండుననిపించింది. గెలిచినవాడి పాట అది. వినలేక తల వంచుకున్నాడు.

బయటికొచ్చాక జనం పువ్వుల దగ్గర గుమిగూడారు. భుజం తట్టి, "భలే చేశావయ్యా, రెజ్జే వచ్చి మాట్లాడినట్టుంది," అన్నారు ఒకరిద్దరు. వెర్నన్ గోడ వారగా, చూరు కింద నిలబడ్డాడు. గేనర్ గొడుగు లేకుండా నేరుగా అతని దగ్గరికే నడిచి వచ్చింది.

"ఆయనకి అదంటే గిట్టదన్నమాట," అంది.

ఇక దాచేదేముంది? "గిట్టదు," అన్నాడు వెర్నన్.

"అస్సలు?"

"అస్సలు. ఆ పాట వస్తే రేడియో కట్టేసేవాడు."

"మీకు ముందే తెలుసు."

"నువ్వు ఫోన్ చేసినప్పుడే తెలుసు. మంగళవారం చెబుదామనే వచ్చానమ్మా. నీ ముఖం చూసి..."

"కేకు తిని వెళ్ళిపోయారు."

"వెళ్ళిపోయాను. తప్పు నాదే. తిట్టు."

ఆమె తిట్టలేదు. పక్కనే గోడకి ఆనుకుంది. తడిసిన జుట్టు నుదుటి మీదికి జారింది, తీసుకునే ఓపిక లేనట్టుంది.

"ముప్పై ఏళ్ళు గిట్టనిదాని గురించే మాట్లాడాడా మా నాన్న?"

"నాతో మాట్లాడాలంటే అదే ఉండేది మరి."

"నాతో మాట్లాడాలంటే బాయిలర్ ఉండేది," అంది గేనర్. "బాయిలర్ సర్వీసు చేయించావా? టైర్లలో గాలి చూయించావా? ప్రతి ఆదివారం. వచ్చేటప్పుడొకసారి, వెళ్ళేటప్పుడొకసారి. లోపల మీరు ఆయన గొంతుతో మాట్లాడుతుంటే అందరూ పడిపడి నవ్వుతున్నారు. ఎవరీ సరదా మనిషి అనుకుంటున్నా నేను. నాకు కుళ్ళొచ్చింది అంకుల్. నిజంగా. మీ మీద."

ఒక కూతురికి దక్కాల్సిన మాటలన్నీ తను ముప్పై ఏళ్ళు కూర్చుని తినేశానని వెర్నన్‌కి అప్పుడే తెలిసింది.

"చెప్పండి అయితే," అంది ఆమె.

"ఏమిటి?"

"ఎందుకు గిట్టదో. ఆయన చెప్పినట్టే చెప్పండి. మీరు జవాబు చెప్పొద్దు. ఆయన పక్షమే."

వెర్నన్ గొంతు సవరించుకున్నాడు. పెన్‌కెత్ మీద ఈగ వాలినా ఒంటికాలి మీద లేచే మనిషి. "ముందు, పెన్‌కెత్‌కి ఉన్నది ఒకటే గొంతు. కోపమొచ్చినా అదే, ఆకలేసినా అదే. రెండోది, ఆ చెల్లెలి వేషం వేసినావిడ నవ్వితే గేటు కిర్రుమన్నట్టుంటుంది..." చెబుతుంటే ఒక్కొక్క మాటకీ ఎక్కడో లోపల కలుక్కుమంటూనే ఉంది. ఆమె తల కొంచెం వంచి, ఒక్క మాట పోకుండా వింటోంది.

"ఇంకా?"

"ఇంకోటుంది. అది ఒక్కసారే అన్నాడు. హాలులో కాదు, మీ ఇంటి మెట్ల మీద కూర్చుని. మా ఆవిడ పోయిన ఏడాది." వెర్నన్ ఆగాడు. ఈ మాట ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. "ఒరే వెర్నన్, నీ ఆల్మా టెర్రస్‌లో ముగ్గురు మనుషులు ఒకే కప్పు కింద ఉంటారు. వందకి పైగా భాగాలొచ్చాయి. ఒక్కసారంటే ఒక్కసారి, ఒకళ్ళు ఇంకొకళ్ళతో ఒక మంచి మాట అన్నారేమో చూపించు. అన్నం తిన్నావా అని కూడా అడగరు. దానికి మనం నవ్వుతాం. నా పడవలో అందరూ పిచ్చివెధవలే. కానీ ఒకడు నీళ్ళలో పడితే మిగతా నలుగురూ దూకుతారు, ఈత రాకపోయినా. నాకు అదే కావాలిరా అన్నాడు."

తర్వాతి కుటుంబం వాళ్ళ కారు వచ్చి ఆగింది. నల్లకోటు ఉద్యోగి ఒకడు వచ్చి, కొంచెం పక్కకి జరగండి సార్ అన్నాడు. ఇద్దరూ జరిగారు.

"అలా అన్నాడా నాన్న?"

"అచ్చంగా అలాగే అన్నాడు."

"ఇంట్లో మాత్రం ఆయనే ఆల్మా టెర్రస్," అంది గేనర్. "నేనూ అంతే అనుకోండి. అన్నం తిన్నావా నాన్నా అని నేనూ అడగలేదు." నుదుటి మీది జుట్టు వెనక్కి తోసుకుంది. "ఆ మాటకి మీరేమన్నారు అప్పుడు?"

"కొట్టిపారేశాను. ఏదో ఎదురు వాగాను. నిజమేనని అక్కడే తెలిసింది, మెట్ల మీదే. పన్నెండేళ్ళయింది."

"ఆ సంగతి ఆయనకి చెప్పారా ఎప్పుడన్నా? నిజమేరా రెజ్ అని?"

"లేదు."

"ఆసుపత్రిలో కూడా?"

"అక్కడ కూడా వాదించుకున్నాం," అన్నాడు వెర్నన్.

గేనర్ అతని వైపు తిరిగింది. కళ్ళ నిండా నీళ్ళు, వాన నీళ్ళు కావు.

"ఒక్క మాట చెబితే ఏం పోయేది?" అంది.

ఎవర్ని అడుగుతోందని వెర్నన్ అడగలేదు. వెర్నన్‌ని, వాళ్ళ నాన్నని, తనని తాను కూడా, ముగ్గుర్నీ కలిపే అడుగుతోందని తెలుస్తూనే ఉంది. ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. ఆమె అతని చెయ్యి పట్టుకుంది, ఇద్దరూ తడుస్తూ కారు దాకా నడిచారు.